కారణం ఖానాలో ఒక్క మాట

మా మనవరాలికి మానుకోట పురపాలక కార్యాలయంలో, లెక్కల విభాగంలో ఉద్యోగం వచ్చింది. చేరి సీటు వెచ్చబడకముందే ఆరునెలల సమీక్ష ఆ పిల్ల నెత్తిన పడింది. "తాతా, నీ సర్వీసంత గిదే పని గద. జర ఎట్ల రాయాల్నో చెప్పు" అని ఫోన్ చేసింది. భూపాలపల్లిలో మా చిన్నమ్మాయి వాళ్ళ గని క్వార్టరులో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నాకు అంతకంటే ఏం కావాలి? గొంతు సవరించుకుని, నిజాం జమానా నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి "సిగ్నల్ వస్తలేదు తాతా" అని పెట్టేసింది. నేను పక్క గదిలోకి వెళ్ళి మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో పెట్టేసి పోదు.

మీలో ఈ పనికి కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. ఏడాది మొదట్లో ఊరి పాలకవర్గం ఇంత వస్తుంది, ఇంత ఖర్చు పెడతాం అని ఒక అంచనా వేసుకుంటుంది. ఆరు నెలలు గడిచాక ఎవడో ఒకడు వచ్చి నిజంగా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూస్తాడు. అన్నం ఉడుకుతుండగా మూత తీసి ఒక మెతుకు నలిపి చూడటం లాంటిది. మా రోజుల్లో దీన్ని షష్మాహీ అనేవాళ్ళం. ఫారంలో చివరి ఖానా, అంటే చివరి గడి, "కారణం". అంచనాకూ అసలుకూ తేడా ఉన్న ప్రతి పద్దు ఎదురుగా, ఎందుకు తేడా వచ్చిందో అందులో రాయాలి. నా కథంతా ఆ ఇరుకు ఖానాలోనే జరిగింది.

పోలీసు చర్య అయిపోయి, నిజాం ఏలుబడి పోయి, మిలిటరీ గవర్నరు పాలన నడుస్తున్న కాలం. పల్లెల్లో మాత్రం రైతుల సాయుధ పోరాటం ఆగలేదు. అడవుల్లో దళాలు, రోడ్ల మీద మిలిటరీ క్యాంపులు, మధ్యలో జనం. ఓరుగల్లులో మా లెక్కల ఆఫీసు నుంచి జనగామ వైపు రైలుకట్ట మీదున్న ఒక చిన్న ఊరి బల్దియాకు నన్ను షష్మాహీ చూసి రమ్మన్నారు. బల్దియా అంటే ఇప్పటి మునిసిపాలిటీ. ఊరి పేరు మాత్రం రాయను. అక్కడ నా గురించి ఇంకా ఎవరైనా చెప్పుకుంటూ ఉంటే, వాళ్ళకు నా చిరునామా తెలియడం నాకిష్టం లేదు.

అప్పటికి నేను పెళ్ళి కాని కుర్రాడిని. ఒంటరిగా చేస్తున్న మొదటి తనిఖీ. పోలీసు చర్యకు సరిగ్గా ముందు, మూడు నెలల జీతం పోసి ఒక షేర్వానీ, ఒక కుచ్చు వేలాడే రూమీ టోపీ కుట్టించుకున్నాను. ప్రభుత్వం మారగానే టోపీ పెట్టెలోకి పోయి, నెత్తి మీదికి తలకట్టు వచ్చింది. షేర్వానీని వదలబుద్ధి కాలేదు. మండుటెండలో మెడ దాకా గుండీలు పెట్టుకుని రైలెక్కాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కిన ఇద్దరు రైతులు నన్ను చూసి లేచి నిలబడి, నేను దిగేదాకా కూర్చోలేదు. అది నా హోదాకు దక్కిన గౌరవమనుకున్నాను. షేర్వానీ వాళ్ళను చూస్తే ఆ రోజుల్లో జనం ఎందుకు లేచేవాళ్ళో ఆలోచించే తెలివి అప్పటికి రాలేదు.

బల్దియాలో పెద్ద గుమాస్తా ఒక ముసలాయన. అందరూ పేష్కార్ సాబ్ అనేవారు. తెల్లటి గడ్డం, ముత్యాల్లాంటి ఉర్దూ దస్తూరి, చేతిలో ఎప్పుడూ సగం నమిలిన పాన్. బజారు వీధిలో ఒక దుకాణదారు ఇంటి ముందు గది నాకు బసగా ఏర్పాటు చేసి, "పొద్దుగూకితే బయటికి రావొద్దు బేటా, కర్ఫ్యూ ఉన్నది" అన్నాడు. ఆయన చెప్పింది అంతే. మిగతాది నేనే కల్పించుకున్నాను. రాత్రిపూట దళాల దాడుల గురించి రైల్లో విన్న కబుర్లన్నీ గుర్తొచ్చాయి. పొద్దు వాలకముందే గదిలో దూరి, తలుపుకు అడ్డకర్ర వేసి, వీధివైపు కిటికీ మూసి, కిటికీ చెక్కల సందుల్లో పాత పత్రికలు మడిచి కుక్కి, దుప్పటి నెత్తి దాకా కప్పుకుని పడుకున్నాను. ఉక్కకు షేర్వానీ విప్పాను గానీ తలకట్టు విప్పలేదు. ఎవరైనా తల మీద కొడితే కాస్త ఆపుతుందని. ఉన్నన్నాళ్ళూ ప్రతి సాయంత్రం ఇదే నా నిత్యకృత్యం.

పగలు మాత్రం పులిని. పద్దులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అంగడి రుసుము సగానికి పడిపోయింది. పల్లెల నుంచి బండ్లు రావడం లేదు మరి. ఇంటిపన్ను వసూలు కాలేదు. ఊడ్చే ఖర్చు పెరిగింది. పల్లెల్లో గడీలు వదిలి పారిపోయి వచ్చిన దొరలు తమ పశువులతో సహా ఊళ్ళో దిగారు. తేడాలన్నీ కళ్ళకు కనిపిస్తున్నాయి. అయితే పేష్కార్ సాబ్ నింపిన కారణం ఖానాలో పైనుంచి కింది దాకా ఒకే మాట ఉంది. హాలాత్. అంటే పరిస్థితులు. అంగడి తగ్గడానికి హాలాత్, పన్ను రాకపోవడానికి హాలాత్, పేడకుప్పలకు హాలాత్.

"సాబ్, ఇదేం కారణం? అన్నిటికీ ఒకటే మాట రాస్తే ఎట్లా?" అని అడిగాను.

"అన్నిటికి ఒకటే కారణమున్నది బేటా" అన్నాడాయన, పాన్ బుగ్గ మార్చుకుంటూ.

ముసలాయనకు బద్ధకం అనుకున్నాను. పద్దుకు తగ్గ కారణం నేనే రాస్తానని కొత్త కాగితం తీశాను. చకచకా నడిచింది. గాసునూనె, అంటే కిరసనాయిలు, పద్దు దగ్గర ఆగిపోయాను.

అప్పుడు ఊళ్ళో కరెంటు లేదు. వీధి మలుపుల్లో స్తంభాలు, వాటి మీద గాసునూనెతో వెలిగే కందిళ్ళు. దీపాల మనిషి ఒకడు పొద్దుగూకగానే నిచ్చెన భుజాన వేసుకుని ఒక్కొక్కటే వెలిగించేవాడు. వెన్నెల బాగా కాసే రోజుల్లో దీపాలు పెట్టకూడదన్నది బల్దియాల్లో అన్నిచోట్లా ఉన్న ఆచారం. చంద్రుడు ఉచితంగా ఇస్తున్నదానికి నూనె ఎందుకు తగలెయ్యాలని. అందుకని నూనె ఖర్చు సరిచూడాలంటే మా పక్కన పంచాంగం ఉండాలి. నవ్వకండి. నేను లెక్కల పుస్తకం ఒక చేత్తో, పంచాంగం ఒక చేత్తో పట్టుకుని ఆరు నెలల పున్నములూ అమావాస్యలూ తిప్పి, ఏ రాత్రి దీపం పెట్టాలో ఏ రాత్రి అక్కర్లేదో గుర్తులు పెట్టాను. ఆ లెక్కన చూస్తే నూనె దాదాపు రెట్టింపు ఖర్చయింది.

పైగా కర్ఫ్యూ. వీధిలో పురుగు తిరగని చోట దీపం ఎవరి కోసం? వెలగని దీపాలకు నూనె పోసినట్టు లెక్క రాశారన్నమాట. నా ఒళ్ళు పులకరించింది. మొదటి తనిఖీలోనే దొంగను పట్టానని, ఓరుగల్లుకు వెళ్ళేసరికి ఆఫీసంతా నన్ను చూసి గుసగుసలాడుతుందని ఊహించుకున్నాను. కారణం ఖానాలో నా జీవితంలోకెల్లా గొప్ప వాక్యం ఉర్దూలో రాశాను. వెన్నెల రాత్రుల్లోనూ జనసంచారం లేని రాత్రుల్లోనూ వెలగని దీపాల పేర గాసునూనె వేరే దారిన పోతున్నట్టు అనుమానించక తప్పదు. "తప్పదు" దగ్గర కలం ఎత్తి, దూరంగా పెట్టి చూసుకున్నాను. ఎంతో బాగుంది.

పేష్కార్ సాబ్ అది చదివాడు. నమలడం ఆపాడు. "ఆ ఖానాల హాలాత్ అని రాసి వదిలిపెట్టు బేటా" అన్నాడు.

"ఏ హాలాత్ సాబ్?"

ఆయన తలుపు వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. ఆ చూపును నేను వెంటనే పద్దులో కలుపుకున్నాను, ఈయనకూ ఇందులో వాటా ఉందని. ఆ మధ్యాహ్నమే ముసాయిదా తహసీల్దారుకు పంపించాను. ఆయనే బల్దియాకు అధ్యక్షుడు గనక అది రివాజు. తహసీల్దారు కాగితం మీద ఒక సంతకం పెట్టి ఠాణాకు పంపాడు. అదీ రివాజే. ఆ రోజుల్లో "వేరే దారి" అంటే ఒకటే అర్థమని, అది అడవి దారి అని, ఊళ్ళో నాకు తప్ప అందరికీ తెలుసు.

మరునాడు పొద్దున దీపాల మనిషిని ఠాణాకు పట్టుకుపోయారు.

నాకు ఆ సంగతి తెలిసింది మధ్యాహ్నం బసకు అన్నానికి వచ్చినప్పుడు. గుమ్మంలో ఒక నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"నువ్వేనా నాయినా లెక్కల సారువు?"

అవునన్నాను.

"మా ఇంటాయన దీపాలు పెడ్తలేడని రాసినవంట. పొద్దుగాల్ల వచ్చి తోలుకపోయిన్రు. దళపోళ్ళకు నూనె పంపుతున్నడని కొడుతున్నరు."

"నేను అలా రాయలేదమ్మా. వెన్నెల్లో, కర్ఫ్యూలో దీపాలు వెలగనప్పుడు నూనె ఎక్కడికి పోతుందని..."

"ఎవరు చెప్పిన్రు వెలుగుతలేవని?" ఆమె గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. "క్యాంపు దొర వచ్చిన కాంచి ఎన్నీల లేదు, చీకటి లేదు, రోజు తెల్లందాక కాలవెట్టాల్నని హుకుం. బజార్ల ఎవలన్న నడిస్తె కానరావాలె గద పారా వాళ్ళకు. కాయితం ఇయ్యలే, నోటితోనే చెప్పిండు. సందేళ ముట్టిచ్చి, నడిజామున మళ్ళ నూనె పోసి, తెల్లారంగ ఆర్పి వస్తడు మా ఇంటాయన." చెయ్యెత్తి చూపించింది. "గిదొ, నీ కిటికీ ముంగటనే గద కందిలి. ఒక్కపారన్న చూడలేదా నాయినా?"

చూశాను, అప్పుడు. నా కిటికీకి మూడు బారల దూరంలో స్తంభం. దాని మీద కందిలి. గ్లాసు అంచున తాజా మసి. లోపల చెక్కల సందుల్లో నేను కుక్కిన పత్రికలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. ఊరంతా తెల్లవార్లూ దీపాలు వెలుగుతుంటే, వెలగడం లేదని తేల్చింది దుప్పటి కింద పడుకున్న నేను ఒక్కడినే.

ఇక్కడ నేను వెంటనే ఠాణాకు పరుగెత్తానని రాస్తే మీకు బాగుంటుంది. నాకూ బాగుండేది. కానీ నేనన్నది ఇది: "రేపు సాపు ప్రతి రాసేటప్పుడు సవరిస్తానమ్మా."

"రేపటిదాక ఆయన ఉండాలె గద నాయినా" అంది ఆమె.

అన్నం తినకుండానే బయలుదేరాను. ఠాణా మలుపు దాకా వెళ్ళాను. లోపలి నుంచి ఒక అరుపు వినిపించింది. కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగి నన్ను బల్దియాకు తెచ్చి పడేశాయి. సాయంత్రం దాకా పద్దుల వెనక దాక్కుని, చివరికి పేష్కార్ సాబ్ ఎదురుగా కూర్చుని, సిగ్గుతో తల వంచుకుని జరిగింది చెప్పాను. ఆయన తిట్టి ఉంటే నయంగా ఉండేది. లేచి చేతికర్ర తీసుకున్నాడు. "చల్ బేటా, ఇద్దరం పోదాం. ఠాణాకు కాదు. హుకుం ఇచ్చినోని దగ్గరికే పోదాం."

మేము పోనవసరం లేకపోయింది. మెట్లు దిగుతుండగానే పొద్దు వాలుతోంది. దుమ్ము రేపుకుంటూ క్యాంపు జీపు వచ్చి ఆగింది. దిగిన అధికారి ఎక్కడో ఉత్తరాది మనిషి. దీపాలు వెలిగించే వేళ దాటుతోంది, ఒక్కటీ వెలగలేదు. ఆయనకు మండిపోతోంది. దీపాలేవని హిందుస్తానీలో గద్దించాడు. దీపాల మనిషి ఠాణాలో ఉన్నాడని పేష్కార్ సాబ్ చెప్పాడు. ఎందుకని అడిగాడు. పేష్కార్ సాబ్ నన్ను చూపించలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాటతో నన్ను పట్టించగలిగే మనిషి, నా వంతు నాకే వదిలిపెట్టాడు.

నా దగ్గర రెండు దారులున్నాయి. నకలు రాయడంలో పొరపాటు జరిగిందని చెప్పి గౌరవంగా బయటపడొచ్చు. అప్పుడు విచారణ అంటారు, పొరపాటు చేసిన గుమాస్తా ఎవరంటారు, ఆ మనిషి ఇంకో రాత్రి లోపలే ఉంటాడు. జీపు పక్కన తుపాకీలు పట్టుకున్న నలుగురు. నా షేర్వానీ వెనక చెమట కాలువ కట్టింది.

"హుజూర్, తప్పు నాది" అన్నాను. "దీపాలు వెలగడం లేదని రాసింది నేను. అవి రోజూ వెలుగుతున్నాయి."

"నీ బస ఎక్కడ?"

వెంట తీసుకెళ్ళి చూపించాను. ఆయన స్తంభాన్ని చూశాడు, కిటికీని చూశాడు, చెక్కల మధ్య పత్రికలు చూశాడు.

"ఇది నీకు కనపడలేదా?"

"భయపడి కిటికీ మూసుకుని పడుకున్నాను హుజూర్. రోజూ."

వీధిలో అరుగుల మీద అప్పటికే జనం చేరారు. అధికారి ఒక క్షణం నన్ను చూసి, తరువాత పగలబడి నవ్వాడు. సిపాయిలు నవ్వారు. అరుగులు నవ్వాయి. నాకు బస ఇచ్చిన దుకాణదారు కడుపు పట్టుకున్నాడు. నా జీవితంలో అంతమందిని ఒకేసారి సంతోషపెట్టడం అదొక్కసారే. అధికారి నవ్వు ఆపుకుని, దీపాల మనిషిని వదిలెయ్యమని ఠాణాకు ఒక సిపాయిని పంపాడు. పేష్కార్ సాబ్ కూడా కర్ర పట్టుకుని ఆ సిపాయి వెంట వెళ్ళాడు. "వాడొచ్చేలోపు దీపాలు నువ్వు పెట్టు. అవన్నీ వెలిగేదాకా కర్ఫ్యూ లేదు" అని నాతో చెప్పి జీపెక్కాడు.

అలా తనిఖీ అధికారి నిచ్చెన ఎత్తుకున్నాడు. షేర్వానీ మెడగుండీ విప్పకుండానే. ఆ ఇల్లాలు నూనె డబ్బా పట్టుకుని, నిచ్చెన కాళ్ళు పట్టుకుని నా వెంట వచ్చింది. మొదటి కందిలికి సగం అగ్గిపెట్టె అయిపోయింది.

"ఒత్తి జర కిందికి దించు నాయినా. గంత పెద్దగ పెడ్తె గ్లాసు పలుగుతది."

పగిలింది. రెండోదాన్ని జాగ్రత్తగా తీయబోయి కింద పడేశాను. వీధి వీధంతా పండగలా నా వెనకే నడిచింది. ఆమె ఒక్కతే నవ్వలేదు. ప్రతి మలుపులో ఠాణా వైపు చూస్తోంది.

బజారు సగం అయ్యేసరికి అతడొచ్చాడు. పేష్కార్ సాబ్ భుజం పట్టుకుని, పాదాల అంచుల మీద నడుస్తూ. అరికాళ్ళ మీద కొట్టారు. భార్య నూనె డబ్బా కింద పెట్టి వెళ్ళి, అతని రెండో చెయ్యి తన భుజాన వేసుకుంది. అతడు నిచ్చెన దాకా వచ్చి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసేశాడు. ఎక్కలేకపోయాడు. నేనేమైనా అనాలి. ఎన్నో కారణాలు రాయగల వాడిని, ఒక్క మాట దొరక్క నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వే ఎక్కు సారూ" అన్నాడు. "నేను చెప్త."

కింద కూర్చుని అతడు చెబుతుంటే మిగతావన్నీ వెలిగించాను. చివరిది నా కిటికీ ముందుది. దిగాక అతడు తలెత్తి మంట సరిగ్గా ఉందో లేదో చూశాడు.

"ఇయ్యాల కిటికీ తీసి పండుకోన్రి సారూ" అన్నాడు. వెటకారం లేదు. పని అప్పజెప్పినట్టు అన్నాడు.

పత్రికలు పీకేసి, కిటికీ తీసి పడుకున్నాను. కందిలి వెలుగు తిన్నగా మొహం మీద పడింది. నిద్ర పట్టలేదు. పట్టకూడదు కూడా.

మరునాడు నా దగ్గరున్న ముసాయిదా ప్రతి చింపి, కొత్తగా రాశాను. మిగిలిన ఆరు నెలలకు గాసునూనె అంచనా పెంచాను. అరికాళ్ళు మానేదాకా అతడు నిచ్చెన ఎక్కలేడు. ఎక్కలేని మనిషిని పనిలోంచి తీసెయ్యాలి, నియమం అది. కనుక అతణ్ణి దీపాల మీద పర్యవేక్షణకని చూపించి, వెలిగించడానికి అతని భార్యకు రోజుకూలి మీద ఒక కొత్త పద్దు సృష్టించాను. ఆడమనిషి నిచ్చెనెక్కి దీపాలు పెట్టడం ఏ బల్దియా లెక్కలోనూ లేదు. పగిలిన గ్లాసులు రెండూ తనిఖీ అధికారి జీతంలోంచి వసూలు చేయాలని రాశాను. మూడు పద్దులకూ కారణం ఖానా ఖాళీగా ఉంది. పేష్కార్ సాబ్ వైపు చూశాను. ఆయన పాన్ నములుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడింటి ఎదురుగా ఒకే మాట రాశాను.

ఓరుగల్లులో మా పై అధికారి ఫైలు తిరగేసి నన్ను పిలిచాడు. మంచివాడే కాని చాదస్తుడు. ఎర్ర సిరా కలం చేతిలో ఉంది.

"నూనె పెరగడానికి హాలాత్. ఆడకూలీకి హాలాత్. గ్లాసులు పగలడానికీ హాలాతేనా? ఏం హాలాతయ్యా ఇది?"

నేను ఆయన గది తలుపు వైపు చూశాను.

"కిటికీ మూసుకున్న హాలాత్ సార్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మూడు పద్దుల కిందా సంతకం పెట్టాడు.